ప్రిన్సిపాల్ గారి ముఖానికి సిమెంట్ కట్టు

నన్ను ఆర్టు టీచరును చేసింది ఒక ముగ్గు.

మెదక్‌లో మేముండే గల్లీ చివర ఒక చిన్న ప్రైవేటు బడి ఉంది. నర్సరీ నుంచి ఐదో తరగతి వరకే. అందులో నేను పరిసరాల విజ్ఞానం చెప్పేదాన్ని. మొక్కకు నీళ్ళెందుకు, ఆవు ఏం తింటుంది, చేతులు ఎప్పుడెప్పుడు కడుక్కోవాలి, ఇవీ నా పాఠాలు. ఒక పంద్రాగస్టు నాడు జెండా గద్దె ముందు ముగ్గు వేయమన్నారు. నెమలి వేయడం మొదలుపెట్టాను. తోక దగ్గరికి వచ్చేసరికి పిండి అయిపోయింది. ఉన్న తోకనే కుదించి, అది కనపడకుండా చుట్టూ నాలుగు పూలు పెట్టాను.

మా ప్రిన్సిపాల్ గారు జెండా తాడు పట్టుకుని కూడా దాన్నే చూస్తూ నిలబడ్డారు. "మేడం, గీ బాతు మస్తుగున్నది. రేపటి సంది ఆర్టు క్లాసు మీరే తీసుకోండ్రి" అన్నారు.

అది నెమలి అని నేను చెప్పలేదు. చెబితే ఆ పని తప్పేదేమో.

మూడో తరగతికి శనివారం చివరి రెండు పీరియడ్లు ఆర్టు. ముప్పై ఒక్క మంది పిల్లలు. అంతకుముందు ఆ పీరియడ్లలో అచ్చు పుస్తకంలోని ఆపిల్‌కు ఎర్రరంగు వేయించి కూర్చోబెట్టేవారు. మొదటి రోజు నేనూ అదే చేశాను. మొదటి బెంచీలో ఒక పిల్ల చెయ్యెత్తింది. రెండు జడలు, ఒక జడ రిబ్బను ఎప్పుడూ ఊడిపోయి భుజం మీద వేలాడుతూ ఉండేది.

"టీచర్, మరి ఆపిల్ ఎర్రగనే ఎందుకుండాలె? మా ఇంట్ల సగం తిని పెడ్తే గోధుమ రంగైతది."

"అయితే నువ్వు సగం తిన్న ఆపిల్ వెయ్యి."

"మరి ఎవరు తిన్నది వెయ్యాలె? నేనా, మా తమ్ముడా? వానికి ముంగటి పండ్లు లేవు."

ఆ పిల్ల ఏ ప్రశ్న అడిగినా 'మరి'తోనే మొదలుపెట్టేది. అందుకే హాజరు పట్టీలో ఏ పేరున్నా, నా మనసులో ఆమె పేరు 'మరి' అయిపోయింది. ఇక్కడా అలాగే పిలుస్తాను.

దసరా సెలవులు అయ్యాక ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, డిసెంబరులో బడి ఎగ్జిబిషన్ ఉందనీ, మూడో తరగతి పిల్లలతో మాస్కులు చేయించమనీ చెప్పారు. ఆయన గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. మనిషి పొట్టి, గొంతు పెద్దది, అంతకన్నా పెద్దది మీసం. దానికి రోజూ పొద్దున్నే కొబ్బరినూనె పెట్టేవారు. చొక్కా జేబులో పెన్ను పక్కన చిన్న దువ్వెన ఉండేది. ప్రార్థన అవుతుండగా ఒకసారి, మధ్యాహ్నం తిన్నాక ఒకసారి, ఎవరినైనా కోప్పడబోయే ముందు ఒకసారి మీసం దువ్వుకునేవారు. దువ్వెన బయటికి వచ్చిందంటే పిల్లలు చేతులు కట్టుకునేవాళ్ళు. బడి డైరీ మీద, గేటు మీది ఫ్లెక్సీ మీద, పిల్లల గుర్తింపు కార్డుల వెనక, అంతటా ఆ మీసమున్న ఫోటోనే.

మాస్కులు ఎలా చేయాలో నాకు తెలియదు. ఫోనులో చూసి బెలూన్లతో మొదలుపెట్టాను. బెలూను ఊది, దాని మీద పాత పేపరు ముక్కలు మైదా లైతో అంటించి, ఆరాక బెలూను పగలగొడితే గట్టి డిప్ప మిగులుతుందట. మైదాపిండిని నీళ్ళలో ఉడికించి లై చేసే పని మా ఆయమ్మది. చర్చి కాంపౌండు దగ్గరి నుంచి వచ్చేది. బడిలో గంట కొట్టడం దగ్గరి నుంచి పిల్లల ముక్కులు తుడవడం దాకా అన్నీ ఆమే. బకెట్ నిండా లై కలిపి తెచ్చి క్లాసు మధ్యలో పెట్టి, "ఇగో బిడ్డా, గోడకు అంటిస్తే గోడ ఊడాలె గని ఇది ఊడది" అంది.

నేను పేపర్లు పంచి వెనక్కి తిరిగేసరికి ఒకడు బకెట్ దగ్గర వేలు నాకుతున్నాడు.

"టీచర్, గిండ్ల ఉప్పు తక్కువైంది."

ఆ రోజు పదకొండు బెలూన్లు పగిలాయి. మిగిలిన ఇరవైకి కాగితాలు అంటించి, కిటికీ కింద వరసగా పెట్టి ఇంటికి పోయాం. సోమవారం వచ్చి చూస్తే బెలూన్లలో గాలి దిగిపోయి, పైన కాగితాలు ముడుచుకుపోయి, ఒక్కోటి ఒక్కో తీరుగా కుంగిపోయి ఉన్నాయి. పిల్లలు ఏడుస్తారనుకున్నాను. వాళ్ళు నేల మీద పడి నవ్వారు.

"గిది మా నాయనమ్మ!"

"గిది కూడ మీ నాయనమ్మే!"

మరి మాత్రం ఒకదాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసింది. "టీచర్, మరి మాస్కంటే మొఖానికి పెట్టుకునేదే కదా? మొఖం మీదనే చెయ్యొచ్చు కదా?"

ఇంటికెళ్ళి మళ్ళీ ఫోను చూశాను. నిజంగానే అలా చేస్తారట. చెయ్యి విరిగితే డాక్టర్లు కట్టే ప్లాస్టర్ కట్టు మందుల దుకాణంలో చుట్టలుగా దొరుకుతుంది. మనవైపు అందరూ దాన్నే సిమెంట్ కట్టు అంటారు. దాన్ని ముక్కలుగా కోసి నీళ్ళలో ముంచి, మనిషి ముఖం మీద పరిస్తే ఇరవై నిమిషాల్లో గట్టిపడుతుంది. తీసేస్తే ముఖం అచ్చు వస్తుంది. ఆ అచ్చులో కాగితాలు వేసి ఎన్ని మాస్కులైనా చేసుకోవచ్చు. ముఖానికి ముందు వాజిలిన్ దట్టంగా రాయాలి, వెంట్రుకలున్న చోట మరీ దట్టంగా రాయాలి అని వీడియోలో ఆమె రెండుసార్లు చెప్పింది. నేను రెండుసార్లూ విన్నాను.

ముఖం ఎవరిది అన్నది ప్రశ్న. పిల్లల ముఖాల మీద నేను చేయను. నా ముఖం ఇస్తే పని చేసేవాళ్ళుండరు. ఆయమ్మను అడిగాను.

"నా మొఖం మీద సిమెంటా? నేను పోయినంక పొయ్యిండ్రి, ఏమనను" అంది.

ఈ మాట ప్రిన్సిపాల్ గారి చెవిన పడింది. తానే వచ్చారు. "మేడం, మొఖం కావాల్నట కదా. నాది తీసుకోండ్రి" అన్నారు, సాయంత్రానికి తిరిగి ఇచ్చే సైకిలు ఇచ్చినట్టు. తర్వాత గొంతు తగ్గించి, "గని మీసం రావాలె. మీసం లేకపోతే నేనెట్లయిత?" అన్నారు.

ఆ శనివారం క్లాసులో రెండు టేబుళ్ళు కలిపి దుప్పటి పరిచాం. చలి బాగా ఉంది. పిల్లలందరి బుగ్గలూ పెదవులూ పగిలి ఉన్నాయి. వాజిలిన్ డబ్బా మరి చేతికిచ్చి, జాగ్రత్తగా పట్టుకోమని చెప్పి, గోరువెచ్చని నీళ్ళ కోసం ఆయమ్మ దగ్గరికి వెళ్ళాను. ఐదు నిమిషాలు కూడా కాలేదు. తిరిగి వచ్చేసరికి ముప్పై ఒక్క ముఖాలు నిగనిగలాడుతూ నన్ను చూస్తున్నాయి.

"టీచర్, మరి అందరికి పెదవులు పగిలినయ్. పంచిన. ఎవ్వరికి తక్కువ కాలే" అంది మరి, ఖాళీ డబ్బా నాకు ఇస్తూ.

డబ్బా అంచుల్లో మిగిలింది జడపిన్నుతో గీకి తీశాను. నుదురుకు, బుగ్గలకు, ముక్కుకు, కనుబొమ్మలకు సరిపోయింది. మీసం దగ్గరికి వచ్చేసరికి వేలికి ఏమీ లేదు. దుకాణానికి పంపిస్తానన్నాను. టేబుల్ మీద పడుకుని ఉన్న ప్రిన్సిపాల్ గారు చెయ్యి అడ్డంగా ఊపారు.

"మీసానికి పొద్దుగాల్నే నూనె పెట్టిన మేడం. ఏం గాదు. మొదలువెట్టుండ్రి."

వీడియోలో ఆమె రెండుసార్లు చెప్పిన మాట నాకు గుర్తొచ్చింది. కానీ ఆయన ప్రిన్సిపాల్. మొదలుపెట్టాను.

కళ్ళ మీద దూది పెట్టాం. ముక్కు రంధ్రాలు వదిలేశాం. పిల్లలు వరసగా వచ్చి ఒక్కొక్కరు ఒక్కో తడిముక్క పరచాలి. ప్రతి ముక్కకూ ఆయన ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు. "నీళ్ళు చెవులకు పోనియ్యకు. ఎవరురా అది, గోర్లు కోసుకో. వరుస తప్పొద్దు. మన బడి అంటేనే క్రమశి..." అంటుండగా నోటి మీద ముక్క పడింది. మాట అక్కడే ఆగిపోయింది.

బడిలో నేను చేరిన మూడేళ్ళలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు.

"సార్, ఇరవై నిమిషాలు మాట్లాడొద్దు, కదలొద్దు. బాగుంటే బొటనవేలు పైకి, ఇబ్బందైతే కిందికి చూపించుండ్రి" అన్నాను. బొటనవేలు పైకి లేచింది. పిల్లలు అది చూశారు.

ముందు ఒకరు గుసగుసగా అడిగారు. "సార్, మీకు చల్లగున్నదా?" వేలు పైకి. "సార్, మేము మంచిగ చేసినమా?" వేలు పైకి. ఇంకొకడు ధైర్యం చేసి దగ్గరికి వచ్చాడు. "సార్, మీకు పదిహేడో ఎక్కం వస్తదా?"

వేలు కదల్లేదు. కొంచెంసేపటికి మెల్లగా పక్కకు ఒరిగింది.

"రాదు! సార్‌కు రాదు!"

నేను కసిరాను కానీ నాకూ నవ్వు ఆగలేదు. బోర్డు వైపు తిరిగి డస్టర్ వెతుకుతున్నట్టు నటించాను. ఆ సందులోనే మరి టేబుల్ దగ్గరికి వెళ్ళి ఆయన చెవిలో అడిగింది.

"సార్, మరి సోమవారం సెలవా? లేకపోతే లేదని చెప్పుండ్రి."

వేలు పైకి లేవలేదు, కిందికీ దిగలేదు. ఆ ప్రశ్నకు వేలు ఎటు చూపాలో తనకు తెలియలేదని ఆయన తర్వాత చెప్పారు. పైకి చూపితే సెలవు అయినట్టా, లేనట్టా అని ఆలోచిస్తున్నారట. ఈలోపు మరి అందరి వైపు తిరిగింది.

"సార్ లేదంటలేడు!"

ఒకడు వరండాలోకి పరుగెత్తాడు. "సోమవారం సెలవు! సార్ చెప్పిండు!" నాలుగో తరగతి నుంచి కేక, ఐదో తరగతి నుంచి ఇంకో కేక. పక్క గదిలో బ్యాగుల జిప్పులు వరసగా మూతపడుతున్న చప్పుడు వినిపించింది. అప్పటికి చివరి గంటకు ఇంకా పావుగంట ఉంది. ఆయమ్మ ఆ కేకలకు కంగారుపడి, తానే ఆలస్యం చేశాననుకుని, పొడుగు గంట కొట్టేసింది. గేటు తెరుచుకుంది. మా మూడో తరగతి తప్ప బడి మొత్తం రోడ్డు మీదికి వెళ్ళిపోయింది.

పిల్లలు బయటికి పోతుంటే, అదే గేటులోంచి మరి వాళ్ళ తాత లోపలికి వచ్చాడు.

ఆయన శంకరంపేట వైపు రైతు. మనవల చదువు కోసం మెదక్‌లో ఇల్లు కిరాయికి తీసుకున్నారు. తెల్ల ధోవతి, తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు. ముందురోజు మరి తన స్కూలు టైని నాలుగు ముక్కలు చేసి పాము బొమ్మ చేసింది. అందుకని ప్రిన్సిపాల్ గారు ఆ పిల్లను గోడ వైపు నిలబెట్టి, ఇంటికి ఫోను చేశారు. తాతకూ ఆయనకూ ఫోనులో మాటా మాటా పెరిగింది. అది నేరుగా తేల్చుకుందామని స్కూటరు వేసుకుని వచ్చాడు. మెట్ల మీది నుంచే గొంతు వినిపించింది. "ఏడి సార్? పామును చేస్తే తప్పేంది, పాము ఎవర్నన్న కరిచిందా?"

తలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

రెండు టేబుళ్ళ మీద తెల్ల దుప్పటి. దాని మీద మనిషి, చేతులు గుండెల మీద. ముఖం నిండా తెల్ల కట్టు. చుట్టూ ముప్పై ఒక్క మంది పిల్లలు కదలకుండా. తల దగ్గర, గంట కొట్టి అప్పుడే వచ్చిన ఆయమ్మ, చలికి కొంగు తల మీదుగా కప్పుకుని.

తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "అయ్యో సారూ! నిన్ననే కదా ఫోన్ల మంచిగ తిట్టినవు!"

ప్రిన్సిపాల్ గారు తాను బాగానే ఉన్నానని చెప్పడానికి బొటనవేలు ఎత్తారు.

పెద్దాయన పెద్ద కేక పెట్టి తలుపుకు ఆనుకున్నాడు. కాసేపటికి తేరుకుని దగ్గరికి వచ్చాడు. "బతికిండా? యాక్సిడెంటా టీచరమ్మా? ఏ దవాఖానల కట్టిండ్రు? గీడ బడిల ఎందుకు పండవెట్టిండ్రు?"

నేను నోరు తెరిచేలోపే మరి జవాబు చెప్పింది. "దవాఖాన కాదు తాతా, మేమే కట్టినం. మాకు సార్ మొఖం కావాలె."

ఆ మాటకు ఆయన మనవరాలిని చూసిన చూపు నేను ఇంతవరకు మరిచిపోలేదు. "ఇది మాస్కు కోసం, పెద్దయ్యా" అని నేను చెబుతూనే ఉన్నాను. ఆయన చెవికి ఎక్కలేదు. బాధలో ఉన్న మనిషి ముందు మాస్కు సంగతి ఎందుకన్నట్టు నన్ను చేత్తో ఆపి, ప్రిన్సిపాల్ గారి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"సారూ, ఒక్క మాట. నిన్న మీరు ఫోన్ పెట్టేసినంక, మా ఇంట్ల అందరి ముంగట మిమ్మల్ని గాడిదన్న. మీకు తెల్వది. గిప్పుడు చెప్తున్న. మనసుల పెట్టుకోకుండ్రి."

ప్రిన్సిపాల్ గారి బొటనవేలు, ఆ చేతుల మధ్యే, నిదానంగా కిందికి తిరిగింది.

"నొప్పయితున్నట్టుంది పాపం" అని పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఉండుండ్రి, కొబ్బరి బోండాలు తెస్త" అంటూ బయటికి పరుగెత్తాడు. ఆయమ్మ కూడా కదిలిపోయి, విషయం మొత్తం తెలిసి ఉండి కూడా, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. "ఎందుకు ఆయమ్మా?" అంటే, "ఏమో బిడ్డా, అందరు ఏడుస్తుంటే నాకు గూడ అట్ల అనిపిచ్చింది. ప్రార్థన చేస్తే నష్టమేంది?" అంది.

ఇరవై నిమిషాలు అయ్యాయి. నుదుటి దగ్గర వేళ్ళు పెట్టి మెల్లగా లేపాను. చక్కగా లేచింది. బుగ్గలు వదిలాయి. ముక్కు వదిలింది. పిల్లలు మునివేళ్ళ మీద లేచి చూస్తున్నారు. ఇంకొంచెం లేపాను. ఆగింది. ఇంకొంచెం లేపాను. లోపలి నుంచి "మ్మ్మ్!" అని చప్పుడు వచ్చింది.

అచ్చు మొత్తం ఊడి, మీసం దగ్గర మాత్రం పట్టుకుని, పెట్టె మూతలాగా తెరుచుకుని ఉంది. ఆయన కళ్ళ మీది దూది తీసేసి లేచి కూర్చున్నారు. తెల్ల ముఖం ఒకటి ఆయన పెదవి మీది నుంచి గడ్డం కిందికి వేలాడుతోంది. నోరు దాని వెనకే ఉండిపోయింది. దాని లోపలి నుంచే మాట్లాడారు.

"మేడం, ఎందుకాగిండ్రు?"

"సార్, మీసం..."

"మీసానికేమైంది?"

"అది ఇటు వస్తలేదు సార్."

"మరి ఎటు వోతున్నది?"

 ఉద్యోగం పోయిందని తెలిసిపోయింది. ఇంట్లో ఏం చెప్పాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా ఆలోచిస్తున్నాను. ఆయమ్మ వేడినీళ్ళు తెచ్చి తడిపి చూసింది, కదల్లేదు. నా హ్యాండ్‌బ్యాగులో ఉన్న తలనూనె పోసి చూశాను, అది ఆయన చొక్కా మీదికి కారింది కానీ లోపలికి పోలేదు. ఆయన చేత్తో తడిమి చూసుకున్నారు. ఒక వైపు మీసం కొన, ఇంకో వైపు మీసం కొన, రెండూ సిమెంటులోనే ఉన్నాయి. జేబు మీదికి చెయ్యి వెళ్ళింది, దువ్వెన కోసం. అలవాటు. మళ్ళీ కిందికి దించారు.

"కొయ్యండ్రి" అన్నారు.

ఆఫీసులోని పెద్ద కత్తెర ఆ రోజు ఎంత వెతికినా కనపడలేదు. పిల్లల పెట్టెలో ఉన్నవి ప్లాస్టిక్ పిడుల చిన్న కత్తెర్లు, మొనలు గుండ్రంగా ఉండేవి. ఒకటి తీశాను, దాని మీద కుందేలు బొమ్మ. కాగితాన్నే రెండుసార్లు నమిలితే తప్ప కోయదు. దానితో నేను మా ప్రిన్సిపాల్ గారి మీసం కోశాను. చాలాసేపు పట్టింది. మధ్యలో నేను కత్తెర ఆపితే ఆయనే ధైర్యం చెప్పారు. "పరేషాన్ గాకుండ్రి మేడం. పెదవి ఒక్కటి మిగిలితే చాలు."

అచ్చు ఊడి చేతికి వచ్చింది. ఆయన ముఖం వైపు చూడటానికి భయం వేసింది. పిల్లలు చూశారు. ఎవరూ నవ్వలేదు. మీసం ఉన్న చోట మొద్దు కత్తెర వదిలేసిన నాలుగైదు వెంట్రుకల కుచ్చులు, వాటి చుట్టూ ఎండ తగలని తెల్లని చర్మం. ముఖం ఇంత చిన్నదా అనిపించింది.

"టీచర్, మరి గీ సార్ ఎవరు?" అంది మరి.

ఈలోగా పెద్దాయన చౌరస్తాలో కొబ్బరి బోండాలు కొంటూ కనపడినవాళ్ళందరికీ విషయం చెప్పాడు. గేటు దగ్గర పదిహేను మంది దాకా చేరారు. చేతుల్లో బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు. ప్రిన్సిపాల్ గారు నల్లా దగ్గర ముఖం కడుక్కుని, నాకేమీ కాలేదని చెప్పి పంపిస్తానంటూ తానే వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను. ముందు నిలబడిన ఒకామె ఆయన్ను పైనుంచి కిందికి చూసి, దిగులుగా అడిగింది.

"తమ్మీ, ప్రిన్సిపాల్ సార్ ఎట్లున్నడు?"

ఆయన చెయ్యి పై పెదవి మీదికి వెళ్ళి వచ్చింది.

"బాగనే ఉన్నడు" అన్నారు.

"జర గీ బత్తాయిలు ఇయ్యిండ్రి."

ఆయన బత్తాయిలు తీసుకున్నారు. పక్కనే పెద్దాయన రెండు బోండాలు చేతిలో పెట్టి, "నేనే తెచ్చిన అని చెప్పుండ్రి" అన్నాడు. అవీ తీసుకున్నారు. అందరి దగ్గరా తీసుకుని, అందరికీ చెబుతానని చెప్పి, గేటు వేసి లోపలికి వచ్చారు.

మా క్లాసు పిల్లలు కూడా వెళ్ళిపోయాక ఆఫీసు గదిలో మేమిద్దరం, ఆయమ్మ కూర్చున్నాం. టేబుల్ మీద బ్రెడ్డు గుట్ట. ఆయన ఒక బోండాం నాకిచ్చి ఇంకోటి తాను తాగారు. ఇప్పుడు పొమ్మంటారు, ఇప్పుడు పొమ్మంటారు అని నేను నేల చూస్తున్నాను. ఆయమ్మ తెచ్చి ఇచ్చిన చేతి అద్దంలో ఆయన తన పెదవిని చాలాసేపు చూసుకున్నారు.

"మేడం, నేను మొదటిసారి పాఠం చెప్పేటందుకు పోయినప్పుడు నాకు ఇరవై రెండేండ్లు. ఒకాయన తన కొడుకు కోసం వచ్చి, 'ఏ బాబూ, మీ సార్‌ను పిలువు పో' అన్నడు. నేను లోపలికి వోయి, కొద్దిసేపు నిలవడి, మళ్ల బయటికొచ్చి 'సార్ లేడు' అని చెప్పిన. ఆ దినం సంది పెంచిన." అద్దం బోర్లా పెట్టారు. "ఇయ్యాల మళ్ల అదే ఆయె."

ముందు నవ్వింది ఆయమ్మ. తర్వాత ఆయనే. నోట్లోని కొబ్బరినీళ్ళు నా చీర మీద పడ్డాయి. నా ఉద్యోగం అప్పుడే దక్కిందనుకుంటాను.

సోమవారం బడికి తొమ్మిది మంది పిల్లలు వచ్చారు. వాళ్ళకు సెలవు సంగతి చేరలేదట. ప్రిన్సిపాల్ గారు నున్నగా గీయించుకుని వచ్చి, ఖాళీ మైదానం చూసి, "సర్లే, నేను లేదనలే కదా" అన్నారు. ఇంట్లో ఏమన్నారని నేను అడిగాను. "మా ఇంటామె శనివారం సంది నవ్వుతనే ఉన్నది. రెండు కూరలు మాడినయ్" అన్నారు.

అచ్చు మాత్రం అద్భుతంగా వచ్చింది. లోపల మీసం వెంట్రుకలు అలాగే ఉండిపోయాయి. ఈసారి నేనే ఇంటి దగ్గర కూర్చుని దానికి వాజిలిన్ పట్టించాను. రోజుకు రెండేసి, మూడేసి మాస్కులు ఆరబెట్టి, ముప్పై ఒకటీ పూర్తి చేసేసరికి ఎగ్జిబిషన్ వచ్చేసింది. పిల్లలు ఎవరికి నచ్చిన రంగులు వాళ్ళు వేశారు. పులి, జోకరు, పెండ్లికూతురు, బర్రె, పోలీసు, చందమామ. కింద ఉన్న ముఖం మాత్రం ఒకటే. పులికి మా సారు బుగ్గలు, పెండ్లికూతురికి మా సారు మీసం.

తల్లిదండ్రులు గోడ వెంట నడుస్తూ మొదట ఏమీ అనలేదు. నాలుగో మాస్కు దగ్గర ఒకరు ఆగారు. "గీ బర్రెను ఏడనో చూసిన." అంతే, గదంతా నవ్వు. "గిది సార్! గిది గూడ సారే!" ప్రిన్సిపాల్ గారు ఒక మూల చేతులు కట్టుకుని నిలబడి, ఎవరు అడిగినా ప్లాస్టర్ కట్టు ఎలా నానబెట్టాలో, ఎన్ని నిమిషాలు ఉంచాలో విడమరిచి చెబుతున్నారు. వాజిలిన్ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం గొంతు పెంచేవారు. "వెంట్రుకలున్న కాడ దట్టంగ రాయాలె. రెండుసార్లు చెప్తున్న."

మరి వాళ్ళ తాత బర్రె మాస్కు ముందు చాలాసేపు నిలబడ్డాడు. అసలు జరిగిందేమిటో అప్పటికి ఆయనకు అందరూ చెప్పేశారు. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వచ్చి, కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు.

"సారూ, గీ బర్రెది నాకిప్పిస్తరా? నారుమడి కాడ కట్టెకు తగిలిస్త. పిట్టలు మస్తు సతాయిస్తున్నయ్."

"అది చేసిన పిలగాన్ని అడుగుండ్రి. నాదేముంది?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "గని పొద్దుమీకి తీసి ఇంట్ల పెట్టుకోండ్రి. మంచుకు నానితే మూతి ఊడ్తది."

మరి చేసిన మాస్కు వరసలో చివర ఉంది. దానికి రంగే లేదు. తెల్లగా వదిలేసింది. దగ్గరికి వెళ్ళి చూస్తే మీసం కూడా లేదు. వాళ్ళ ఇంట్లో తలుపులకు రంగు వేసినప్పుడు మిగిలిన గరుకు కాగితం తెచ్చి, వారం రోజులు కూర్చుని మీసం అరగదీసిందట. ఆ చోట కాగితం పలచబడి, వేలు పెడితే లోపలికి పోయేలా ఉంది. ఎందుకు తీసేశావని అడిగాను.

"టీచర్, మరి సార్ గిప్పుడు గిట్లనే ఉన్నడు కదా" అంది.

సాయంత్రం అందరూ వాళ్ళ వాళ్ళ మాస్కులు పెట్టుకుని ఇళ్ళకు బయలుదేరారు. గల్లీలో కుక్కలు మొరిగాయి. ఒక ఆటోవాలా బండి ఆపి తల బయటికి పెట్టి చూశాడు. మరి తన మాస్కు తీసుకెళ్ళలేదు. ప్రిన్సిపాల్ గారి చేతిలో పెట్టి, తాత స్కూటరు వెనక ఎక్కి వెళ్ళిపోయింది. ఆయన దాన్ని పాత పేపరులో చుట్టి, పగలకుండా చంకలో పెట్టుకుని, లైట్లు ఆర్పమని ఆయమ్మకు చెప్పి ఇంటికి నడిచారు.